70-300 జూమ్‌తో ఆటల ఫొటోలు: మనిషి మసక, వెనక గడ్డి మాత్రం క్లియర్! లెన్స్ మార్చాల్సిందేనా?

కొత్తలెన్స్:

నమస్తే అండి అందరికీ. నా దగ్గర 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, 70-300 ఎఫ్/4.5-5.6 జూమ్ ఉన్నాయి. ఇన్నాళ్లూ కదలని వాటినే తీశాను, ఏ గొడవా లేదు. మా చెల్లి 100 మీటర్ల హర్డిల్స్, లాంగ్ జంప్ చేస్తుంది, ఇండోర్‌లో వాలీబాల్ కూడా ఆడుతుంది. తన ఫొటోలు తీయడం మొదలెట్టాక తలనొప్పి మొదలైంది. కొన్నిట్లో మొహం మసక, వెనకున్న గడ్డి మాత్రం పరక పరక లెక్కపెట్టేంత క్లియర్. కొన్నిట్లో అంతా బానే ఉంటుంది కానీ చేతులు, కాళ్లు అలికేసినట్టు. ఇండోర్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు, చీకటి, మచ్చలు. స్పోర్ట్స్ మోడ్‌లో పెడితే షట్టర్ వేగం సెకనులో 1/320, 1/400 వంతు దగ్గర తిరుగుతోంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్‌లోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుందని, అందరూ 70-200 ఎఫ్/2.8 కొనెయ్ అంటున్నారు. అదే దారా, లేక ఉన్నదాంతో ఏమైనా చేయొచ్చా? దయచేసి వివరంగా చెప్పండి.

ఐఎస్ఓ_బాబాయ్:

2.8 కొనండి. అంతే. మిగతాదంతా కాలక్షేపం.

ట్రాక్‌సైడ్:

బాబాయ్ మళ్లీ మొదలెట్టారు :) కొత్తలెన్స్ గారూ, ముందు కొనడం సంగతి పక్కన పెట్టండి. మీరు చెప్పినవి ఒక జబ్బు కాదు, రెండు వేరు వేరు జబ్బులు, రెంటికీ మందులు వేరు. ఫొటోని 100 శాతం జూమ్ చేసి చూడండి. మనిషి మసకగా ఉండి ఫ్రేములో ఇంకెక్కడైనా, గడ్డి కానీ వెనక కంచె కానీ, పదునుగా ఉంటే అది ఫోకస్ తప్పడం. నడుం, బనియను మీద నంబరు చక్కగా ఉండి అరచేతులు, పాదాలు మాత్రమే చెదిరితే అది షట్టర్ వేగం చాలకపోవడం. అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. ఏదీ ఎక్కడా పదునుగా లేకుండా మొత్తం మీద పల్చటి పొగ పట్టినట్టుంటే, మధ్యాహ్నం పూట దూరం నుంచి తీసినప్పుడు నేల మీంచి లేచే వేడి గాలి పని అయ్యుండాలి. దానికి ఏ లెన్సూ ఏమీ చేయలేదు, దగ్గరకి వెళ్లడం లేదా పొద్దున్నే తీయడం, అంతే.

ఇక షట్టర్ లెక్క. సెకనుకు 10 మీటర్లు పరిగెత్తే మనిషి 1/320లో 3 సెంటీమీటర్లు జరుగుతాడు. ఫ్రేము వెడల్పులో 3 మీటర్లు పడుతోందనుకోండి, మీ 24 మెగాపిక్సెల్ ఫొటోలో అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటాయి, అంటే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు. 3 సెంటీమీటర్లంటే 60 పిక్సెళ్ల మేర అలికినట్టు! 1/1000కి వెళితే 20 పిక్సెళ్లు, 1/2000కి 10. ఇది అడ్డంగా పరిగెత్తే మనిషి ఒంటికి, కెమెరా కదలకుండా ఉన్నప్పటి లెక్క. ముందుకు విసిరే కాలు ఒంటికంటే ఇంకా వేగంగా కదులుతుంది, అందుకే మీకు పాదాలు పోయి నడుం మిగులుతోంది. మనిషి మీకు ఎదురుగా వస్తుంటే షట్టర్‌కి పని తగ్గుతుంది కానీ ఆటోఫోకస్‌కి పెరుగుతుంది.

కాబట్టి స్పోర్ట్స్ మోడ్ వదిలేయండి. మాన్యువల్ పెట్టి, షట్టర్ 1/1600, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలన్నది, ఎక్కువైతే మచ్చలు) ఆటోలో వదలండి. ఎర్రటి ఎండలో ఎఫ్/5.6, 1/1600కి ఐఎస్ఓ 200 చాలు. పగటిపూట మీ లెన్స్ ఏమాత్రం తక్కువ కాదు.

ఐఎస్ఓ_బాబాయ్:

పగటిపూట అన్నారు, బాగుంది. ఇండోర్ వాలీబాల్ సంగతేంటి? నేను అడిగేది అదే. మామూలు హాల్లో 1/1000, ఎఫ్/2.8 పెడితే ఐఎస్ఓ 3200 నుంచి 6400 దాకా పోతుంది. ఎఫ్/5.6 అంటే రెండు స్టాపులు తక్కువ, అంటే నాలుగో వంతు వెలుతురు. అదే హాల్లో మీకు 12800, 25600 వస్తుంది. క్రాప్ సెన్సర్ మీద 25600 చూసి మాట్లాడండి.

ఇంకోటి, 2.8 అంటే వెలుతురు ఒక్కటే కాదు. 200 ఎంఎం, ఎఫ్/2.8, 10 మీటర్ల దూరంలో, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ మీద ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు 40 సెంటీమీటర్లే. మనిషి ఉంటాడు, వెనక బ్యానర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోన్ చూసుకుంటున్న జనం కరిగిపోతారు. ఆటల ఫొటోకి సగం అందం అక్కడే.

నిక్కచ్చి:

40 సెంటీమీటర్ల లోతు అంటే కొత్తవాళ్లకి సగం ఫొటోలు తప్పిపోతాయని కూడా అర్థం, బాబాయ్. అందం సంగతి తర్వాత.

వెనక మసకబారాలంటే ఎపర్చర్ ఒక్కటే దారి కాదు. నేపథ్యం ఎంత దూరంలో ఉంటే అంత కరుగుతుంది. వెనక గోడ 3 మీటర్లలో ఉంటే 2.8 ఉన్నా అరకొరే, 60 మీటర్లలో ఉంటే 300 దగ్గర 5.6 కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. అందుకే లెన్స్ కంటే ముందు నిలబడే చోటు చూసుకోవాలి. గ్రౌండ్‌కి ఏ వైపు వెనక పార్కింగ్, ఏ వైపు చెట్లు, ఎండ ఎటు నుంచి వస్తోంది, ఇవన్నీ పోటీకి ముందే ఒక చుట్టు తిరిగి చూసుకోండి. ఇంకా, కూర్చోండి లేదా మోకాలి మీద ఉండండి. నిలబడి తీస్తే మనిషి నేలకి అతుక్కుపోయినట్టుంటాడు, కిందనుంచి తీస్తే అదే మనిషి, అదే గెంతు, ఆకాశంలో ఉన్నట్టుంటాడు.

1965లో బాక్సర్ మహమ్మద్ అలీ, కింద పడ్డ సన్నీ లిస్టన్ మీద నిలబడి అరుస్తున్న నీల్ లీఫర్ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. జాగ్రత్తగా చూస్తే అలీ కాళ్ల మధ్యలోంచి అవతలి వైపున్న ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. హెర్బ్ షార్ఫ్‌మన్, ఇద్దరిదీ ఒకటే పత్రిక. ఆయనకి దొరికింది అలీ వీపు.

చూస్తూపోయేవాడు:

షార్ఫ్‌మన్ గారి పేరు ఇప్పుడే విన్నా. పాపం.

కొత్తలెన్స్:

ట్రాక్‌సైడ్ గారూ, మీరు చెప్పినట్టు పాత ఫొటోలు అన్నీ తీసి చూశాను. ఎక్కువ భాగం ఫోకస్ తప్పినవే, గడ్డి క్లియర్‌గా ఉన్నవి. ఆటోఫోకస్ ఏరియా మొత్తం ఫ్రేముకి పెట్టి ఉంది, కెమెరానే ఎంచుకుంటోంది. మోడ్ మాత్రం, కదిలే మనిషిని ఫోకస్ వెంబడిస్తూ ఉండే కంటిన్యువస్‌లోనే ఉంది. ఏది పెట్టాలి? షట్టర్ బటన్‌తో కాకుండా వెనక బటన్‌తో ఫోకస్ చేసే బ్యాక్ బటన్ ఫోకస్ అని కూడా చాలా చోట్ల చదివాను.

ట్రాక్‌సైడ్:

మొత్తం ఏరియా అనేది బాడీని బట్టి ఉంటుంది. మనిషి కన్ను, తల గుర్తుపట్టే, లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ అయితే ఒక్క మనిషి ఉన్నప్పుడు అదే మేలు, వదిలేయండి. అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ అయితే దగ్గరగా ఉన్నదాన్నో, బాగా కాంట్రాస్ట్ ఉన్నదాన్నో పట్టుకుంటుంది, మీ గడ్డి కథ అదే. ఒక పాయింటు, దాని చుట్టూ నాలుగు సాయం పాయింట్లు ఉండే ఏరియా పెట్టుకుని, ఆ పాయింటుని ఛాతీ మీద ఉంచండి. మొహం మీద ఉంచబోతే చిన్న లక్ష్యం, ఊగిపోతుంది. ఛాతీ మీద నంబరు ఉంటుంది, కాంట్రాస్ట్ ఉంటుంది, ఫోకస్ గట్టిగా కరుచుకుంటుంది, మొహం కూడా దాదాపు అదే దూరంలో ఉంటుంది కదా.

మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ అనో, లాక్-ఆన్ అనో ఒకటి ఉంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే కెమెరా ఎంత ఓపిక పట్టాలి అన్నది అది. హర్డిల్స్‌లో, లేన్ల మధ్య మనుషులు దాటుకుంటూ ఉంటారు కాబట్టి ఓపిక ఎక్కువ వైపు పెట్టండి. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గర దూరాలు కత్తిరించేయండి, ఒకసారి ఫోకస్ తప్పినా లెన్స్ ఆ చివర నుంచి ఈ చివరకి ఈదుకుంటూ రాదు.

ఇంకో అలవాటు: మనిషి మీ రేంజిలోకి రాకముందే, ఓ సెకను ముందే, ఫోకస్ బటన్ నొక్కి వెంబడించడం మొదలెట్టాలి. కెమెరాకి వేగం అంచనా కట్టడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. హర్డిల్ మీదకి ఎగిరాక ఫోకస్ మొదలెట్టి అదే క్షణంలో షట్టర్ నొక్కితే మొదటి రెండు మూడు ఫ్రేములు పోయినట్టే, మీకు కావాల్సింది సరిగ్గా అవే.

నిక్కచ్చి:

బ్యాక్ బటన్ మీద నా మాట: అలవాటుంటే మంచిది, లేకపోతే ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు. ఫోకస్ ఆపాలనుకున్నప్పుడు బొటనవేలు తీస్తే చాలు, అదొక్కటే లాభం. ఎవరో అడ్డొచ్చారు, వేలు తీశాం, వాళ్లు దాటాక మళ్లీ నొక్కాం. దానికేదో మంత్రశక్తి ఉన్నట్టు ప్రచారం చేయడం మాత్రం నాకు నచ్చదు. వేలు సరిగ్గా ఆనకపోతే పోటీ మొత్తం ఫోకస్ లేకుండా తీసి వచ్చేవాళ్లు ఉంటారు.

మోనోపాడ్:

నేను వాడతాను, నాకు లేకపోతే జరగదు. కానీ నిక్కచ్చి గారి మాట కరెక్టే, అది రుచి మీద ఆధారపడిన విషయం.

జూమ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఈ చర్చ పేరే జూమ్! నా దగ్గర ఓ చిన్న లెక్క ఉంది. కెమెరా నిలువుగా పట్టుకుని, నిలబడ్డ మనిషి ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండాలంటే, ఫుల్‌ఫ్రేమ్ మీద ఫోకల్ లెంగ్త్ ఎన్ని ఎంఎంలో దాన్ని 75తో గుణించి వెయ్యితో భాగిస్తే ఎన్ని మీటర్ల దూరమో వస్తుంది. 200 ఎంఎంకి 15 మీటర్లు, 400కి 30. మీది క్రాప్ కాబట్టి ఇంకో ఒకటిన్నర రెట్లు: 200కి 22, 300కి 34 మీటర్ల దాకా. అంతకన్నా దూరంలో ఉన్నది తీసి తర్వాత కత్తిరిద్దాంలే అనుకుంటే చేతికి వచ్చేది మచ్చలే. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు. ఈ లెక్క ప్రకారం అవతలి సగం మీది కాదు. వదిలేయండి. బంతి మీ వైపు వచ్చేదాకా ఆగేవాడికే ఫొటోలు దొరుకుతాయి.

మీ చెల్లి హర్డిల్స్‌కి ఇది పెట్టి చూద్దాం. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆఖరి హర్డిల్ నుంచి ఫినిష్‌కి 10.5 మీటర్లు. మీరు ఫినిష్ దాటాక ఓ 20 మీటర్ల అవతల, ఎవరికీ అడ్డం కాని చోట ఎదురుగా ఉంటే ఆఖరి హర్డిల్ 30 మీటర్లలో పడుతుంది. 300 దగ్గర మనిషి సరిగ్గా నిండుతుంది. ఆమె ఫినిష్‌కి వచ్చేసరికి 180 దాకా వెనక్కి తిప్పుకోవాలి. అంటే ఒకటిన్నర సెకను లోపల ఎడమ చెయ్యి రింగుని సాఫీగా తిప్పాలి, కుడిచేతి వేళ్లు ఫోకస్, షట్టర్ చూసుకోవాలి. ఇంట్లో కూర్చుని గోడ మీద గడియారం వైపు పెట్టి రింగు తిప్పడం ప్రాక్టీస్ చేయండి, నవ్వుకోకండి, నిజంగా పనిచేస్తుంది. రింగు ఎటు తిప్పితే దగ్గరవుతుందో బ్రాండుని బట్టి మారుతుంది కూడా, అరువు లెన్సు తెచ్చుకున్న రోజు తెలుస్తుంది ఆ బాధ.

ఒక జాగ్రత్త. ఇప్పటి ఫొటో జూములు చాలావరకు రింగు తిప్పితే ఫోకస్ కూడా కొంచెం జరిగే రకం. తిప్పుతున్న ఆ క్షణంలో తీసినవి కొంచెం మెత్తగా రావొచ్చు. తిప్పడం ఆపి, ఫోకస్ కుదురుకున్నాక నొక్కండి.

కొత్తలెన్స్:

మోనోపాడ్ గారూ, ఈ లెక్క నేను ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటా. ఆటోఫోకస్‌ని నమ్మకుండా హర్డిల్ మీదే ముందుగా ఫోకస్ పెట్టి వదిలేస్తే?

ట్రాక్‌సైడ్:

పెట్టొచ్చు, మీది పాత బాడీ అయితే అది మంచి దారి కూడా. హర్డిల్ ఎక్కడికీ పోదు కదా. 30 మీటర్లలో, 300 ఎంఎం, ఎఫ్/5.6, క్రాప్ మీద ఫోకస్ లోతు రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది, ముందు వెనకలకి తలా ఓ మీటరు. సెకనుకు 8 మీటర్లు వచ్చే మనిషి ఆ రెండు మీటర్లని పావు సెకను పైన కాస్తలో దాటేస్తుంది. మీ కెమెరా సెకనుకు 8 ఫ్రేములు తీస్తే రెండు పదునైన ఫ్రేములు. రెండు చాలవా? హర్డిల్ పైపట్టీ మీద ఫోకస్ పెట్టి, లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చేయండి, తర్వాత జూమ్ రింగు ముట్టుకోవద్దు. లాంగ్ జంప్‌లో కూడా టేకాఫ్ బోర్డు దగ్గర ఇదే పని చేయొచ్చు.

కోచమ్మ:

నేను ఫొటోగ్రాఫర్ని కాదు, పిల్లలకి జంప్స్ నేర్పిస్తాను, ఈ చర్చ ఆసక్తిగా ఉంటే చదువుతున్నా. ఫొటోలు తీసేవాళ్లందరూ ఒకటి గమనించాలి. ప్రతి అథ్లెట్‌కి ఒక పద్ధతి ఉంటుంది, అది ప్రతిసారీ అదే. హర్డిల్స్‌లో ముందు లేచే కాలు ఎడమదా కుడిదా చూడండి. ఎడమ కాలు ముందు వేస్తే కుడి చెయ్యి ముందుకొస్తుంది, మీరు తప్పు వైపు ఉంటే ఆ చెయ్యే మొహాన్ని కప్పేస్తుంది. హైజంప్‌లో ఎడమ కాలితో లేచేవాళ్లు బార్‌కి కుడివైపు నుంచి పరిగెత్తుకొస్తారు, కుడి కాలివాళ్లు ఎడమ నుంచి. లాంగ్ జంప్‌లో పరుగు మొదలెట్టే ముందు కొందరు ఊగుతారు, కొందరు చప్పట్లు అడుగుతారు. వార్మప్‌లో నిలబడి చూస్తే ఇవన్నీ తెలిసిపోతాయి. మీరంతా పోటీ మొదలయ్యాక వస్తారు!

ఇంకోటి. మేము చూసే ఫొటో వేరు, ఇంట్లోవాళ్లు చూసే ఫొటో వేరు. నాకు పాదం బోర్డు మీద ఆనిన క్షణం కావాలి, వాళ్లకి మొహం కావాలి. అథ్లెట్‌కి మాత్రం తను వేగంగా కనపడాలి. రెండు పాదాలూ గాల్లో ఉన్న ఫ్రేమైతేనే పరుగులా ఉంటుంది, ఒక పాదం పూర్తిగా నేల మీద ఉన్న ఫ్రేములో ప్రపంచ చాంపియన్ కూడా బస్సు కోసం నడుస్తున్నట్టే ఉంటుంది. అలాంటివీ, బట్టలు అటూ ఇటూ అయినవీ, మొహం వికారంగా వచ్చినవీ ఎక్కడా పెట్టకండి. ముఖ్యంగా పిల్లలవి. పెట్టే ముందు వాళ్లనీ, వాళ్ల పెద్దవాళ్లనీ అడగండి.

స్టార్ట్ దగ్గర "సెట్" అన్నాక షట్టర్ చప్పుడు చేయొద్దు, పిల్లలు ఉలిక్కిపడతారు. జావెలిన్, హ్యామర్ పడే వైపు ఎప్పుడూ వీపు తిప్పొద్దు, కెమెరాలో వెనక్కి చూసుకుంటూ అసలే వద్దు. హ్యామర్ బరువు మగవాళ్లకి 7.26 కిలోలు.

ట్రాక్‌సైడ్:

కోచమ్మ గారికి వెయ్యి లైకులు. హ్యామర్, డిస్కస్ వల గురించి ఒక ముక్క: వలలోంచి తీయాల్సి వస్తే, నిర్వాహకులు ఒప్పుకున్న చోటు నుంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఎక్కువ జూమ్‌లో తీయండి. వల లెన్స్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మాయమవుతుంది, అథ్లెట్ వలకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. వల దారం మీద నేరుగా ఎండ పడుతుంటే మాత్రం తెల్లటి పొరలా వస్తుంది, నీడ వైపు వెతుక్కోండి.

చూస్తూపోయేవాడు:

ఇన్ని తిప్పలెందుకు, సెకనుకు 20 ఫ్రేములు, 30 ఫ్రేములు తీసే కెమెరాలు వచ్చాయి కదా, నొక్కి పట్టుకుంటే ఏదో ఒకటి పడదా?

నిక్కచ్చి:

పడదు. క్రికెట్ తీసుకోండి. గంటకి 140 కిలోమీటర్లతో వచ్చే బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు. సెకనుకు 20 ఫ్రేములంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బంతి దాదాపు 2 మీటర్లు పోతుంది. బంతి బ్యాటుకి తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతు. ఒక ఫ్రేములో బంతి ఇంకా రాలేదు, తర్వాతి ఫ్రేములో వెళ్లిపోయింది, మధ్యలో అదృష్టం ఉంటే ఉంది. బర్స్ట్ (నొక్కి పట్టుకుని వరసగా తీయడం) అనేది మీరు ఎంచుకున్న క్షణానికి అటూ ఇటూ భద్రత, అంతే, ఎంచుకోవడం మీ పనే. మనిషి కంటికి కనపడి వేలు కదిలేసరికి ఎంత లేదన్నా ఐదో వంతు సెకను పోతుంది. "కనపడింది, నొక్కుదాం" అనుకుంటే అప్పటికే అయిపోయింది. బౌలర్ చెయ్యి వదిలినప్పుడే, బ్యాట్ కిందకి దిగుతున్నప్పుడే వేలు మొదలవ్వాలి.

2024 ఒలింపిక్స్ సర్ఫింగ్‌లో తాహితి దగ్గర గాబ్రియెల్ మెదీనా గాల్లో నిటారుగా నిలబడి వేలు పైకెత్తిన ఫొటో గుర్తుందా, పక్కనే బోర్డు కూడా నిటారుగా? ఏఎఫ్‌పీ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రుయే పడవలోంచి తీశాడు. ఆ క్షణానికి ఆయన తీసింది నాలుగే ఫ్రేములు. అల మీంచి మెదీనా ఎటు బయటకొస్తాడో, గెలిచినప్పుడు ఏం చేస్తాడో తెలిసిన మనిషి కాబట్టి కెమెరా అటు పెట్టి కూర్చున్నాడు.

ఇంకా, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు ముప్ఫై అంటే సెన్సర్ పైనుంచి కిందకి చదివేలోపు బ్యాట్ కదిలిపోయి అరటిపండులా వంగి వస్తుంది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టర్ (సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదివేది) ఉన్నవాటికి ఆ బాధ లేదు, మామూలు బాడీలకి మెకానికల్ షట్టరే మేలు.

ఐఎస్ఓ_బాబాయ్:

నా ఇండోర్ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, గమనించారా? అందరూ ఎండలో తిరుగుతున్నారు.

మోనోపాడ్:

చెప్తాను బాబాయ్, కోప్పడొద్దు. ఇండోర్‌లో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, ఎఫ్/5.6 అక్కడ కష్టమే. కానీ పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాళ్లు పైకి ఎగిరి, పైకొనలో ఉన్నప్పుడు శరీరం దాదాపు ఆగినట్టే. భౌతికశాస్త్రం లెక్క: పైకొనకి పదో వంతు సెకను ముందు నుంచి, పదో వంతు సెకను తర్వాత దాకా, శరీరం ఎత్తులో వచ్చే తేడా 5 సెంటీమీటర్ల లోపే. ఆ సమయంలో 1/500 పెట్టినా మొహం పదునుగా వస్తుంది, కొట్టే చెయ్యి, బంతి మాత్రం కొంచెం సాగుతాయి, నన్నడిగితే అది బాగానే ఉంటుంది, కదలిక తెలుస్తుంది. 1/1000 నుంచి 1/500కి దిగితే ఒక స్టాప్ మిగిలింది కదా. హైజంప్‌కి, బాస్కెట్‌బాల్ లేఅప్‌కి కూడా ఇదే సూత్రం.

చోటు: కొట్టే అమ్మాయి మొహం కావాలంటే నెట్‌కి అవతలి కోర్టు వైపు ఉండాలి, ఎండ్ లైన్ వెనక మూలన. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు, కింద కూర్చుని తీస్తే బ్లాకర్ల చేతుల మధ్యలోంచి మొహం దొరుకుతుంది. ఫోకస్ నెట్‌ని పట్టేస్తుంటే పాయింటుని నెట్ పైపట్టీకి పైన ఉంచి ఆమె అందులోకి ఎగిరేదాకా ఆగండి.

ఇక ఖర్చు పెట్టాలనే ఉంటే 2.8 జూమ్ కంటే ముందు ఒక 85 ఎఫ్/1.8 అరువు తెచ్చి చూడండి. 5.6 కంటే మూడు స్టాపుల పైన ఎక్కువ వెలుతురు, క్రాప్ మీద 128 ఎంఎంలా పనిచేస్తుంది, కోర్టు పక్కన కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది, చేతిలో బరువే ఉండదు. 70-200 ఎఫ్/2.8లు పాతవి కిలోన్నర, కొత్త మిర్రర్‌లెస్‌వి కిలో పైచిలుకు.

ఐఎస్ఓ_బాబాయ్:

85తో ఆటగాళ్లు మీద పడితే వెనక్కి తగ్గే దారేది? జూమ్ జూమే. కానీ సరే, ఇండోర్‌కి వెలుతురు కావాలన్నది ఒప్పుకున్నారు, సంతోషం.

ఇండోర్ వాళ్లకి ఇంకో సంగతి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే పాత లైట్లు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద 120 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. 1/1000లో తీస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, పక్క ఫ్రేము చీకటిగా, ఇంకోటి పసుపుగా వస్తుంది. కెమెరా పాడైందని కంగారు పడొద్దు. యాంటీ ఫ్లికర్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, వెలుగు పైకొన దగ్గర షట్టర్ పడుతుంది, ఫ్రేముల వేగం కొంచెం తగ్గొచ్చు. ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే అడ్డ చారలు కూడా పడతాయి. ఫ్లాష్ ఆలోచన వద్దు, జిమ్నాస్టిక్స్ లాంటి వాటిలో అసలు ఒప్పుకోరు.

పానింగ్_పిచ్చి:

అందరూ 1/1000, 1/2000 అంటుంటే నాకు నిద్ర పట్టట్లేదు. అన్నీ గడ్డకట్టించి ఏం చేస్తారండీ? అప్పుడప్పుడూ 1/60కి దిగండి! 2016 రియోలో 100 మీటర్ల సెమీఫైనల్‌లో ఉసేన్ బోల్ట్ పరిగెత్తుతూ పక్కకి తిరిగి నవ్విన ఫొటో, గెట్టీ ఫొటో సంస్థ ఫొటోగ్రాఫర్ కామెరాన్ స్పెన్సర్ తీసింది, పానింగే కదా, అంటే మనిషి వెంటే కెమెరా తిప్పుతూ తీయడం. వెనకవాళ్లంతా గీతలైపోయారు, నవ్వు మాత్రం నిలబడింది.

అడ్డంగా వెళ్లే మనిషికి సమాంతరంగా నిలబడాలి, నడుం దగ్గర నుంచి తిరగాలి, చేతులతో కాదు, నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. సైకిళ్లతో 1/125 దగ్గర మొదలెట్టండి, పరుగువాళ్లకి 1/60, ధైర్యం వస్తే 1/30. చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్‌కి మోడ్ 2 ఉంటే అది పెట్టండి, అది నిలువు ఊపునే సరిచేస్తుంది. నికాన్ పాత లెన్సుల్లో నార్మల్ మోడ్ పానింగ్‌ని తనే కనిపెట్టుకుంటుంది. ఎండలో చిక్కేంటంటే 1/60కి ఐఎస్ఓ 100 పెట్టినా ఎపర్చర్ ఎఫ్/20 దాకా మూయాలి, అప్పుడు సెన్సర్ మీద దుమ్మంతా ఆకాశంలో నల్ల చుక్కలై తేలుతుంది. మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం తీయండి, లేదా వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి. ఎక్కువ భాగం చెత్తే వస్తుంది, ముందే చెప్తున్నా. అసలు పోటీలో ముందు మామూలు ఫొటోలు దొరికాకే ఈ సరదా.

కొత్తలెన్స్:

స్టెబిలైజేషన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, 1/1600లో అది ఆన్‌లో ఉంచాలా, ఆఫ్ చేయాలా?

ట్రాక్‌సైడ్:

అది మీ చేతి వణుకుని ఆపుతుంది, ఆటగాడి కదలికని ఆపదు. 1/1600లో ఫొటోకి దాని వల్ల పెద్దగా లాభం లేదు. కాకపోతే 300 దగ్గర వ్యూఫైండర్‌లో బొమ్మ ఊగకుండా ఉంటుంది, పాయింటుని ఛాతీ మీద నిలపడం తేలికవుతుంది, అందుకని నేను ఆన్‌లోనే ఉంచుతా. గబుక్కున దిశ మార్చినప్పుడు బొమ్మ వెనక్కి లాగినట్టు అనిపిస్తే ఆఫ్ చేసేయండి. స్పోర్ట్ అనే మోడ్ ఉన్న లెన్స్ అయితే అది పెట్టండి.

లెన్స్ ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, ఎక్కువ ఫోకల్ లెంగ్త్‌లో అది పదును తినేస్తుంది. లెన్స్ ముందు తొడిగే హుడ్ చాలు. చాలా 70-300లకి 300 కొన మెత్తగా ఉంటుంది, 250, 260 దగ్గర ఒకసారి తీసి పోల్చుకోండి, తేడా కనపడితే అక్కడే ఆగిపోండి.

కొత్తలెన్స్:

అందరికీ చాలా థాంక్స్. ముందు ఈ లెన్స్‌తోనే, ఆఖరి హర్డిల్ మీద ఫోకస్ పెట్టి, 1/1600తో తీస్తాను. 2.8 సంగతి ఇండోర్ సీజన్ వచ్చాక చూద్దాం, బాబాయ్ ఏమీ అనుకోవద్దు. చివరిగా కోచమ్మ గారికి ఒక ప్రశ్న: మా చెల్లి ఎడమ కాలే ముందు వేస్తుంది, కుడి చెయ్యి ముందుకొస్తుంది. మరి నేను ఫినిష్ అవతల ఎటువైపు ఉండాలి? అక్కడ వీడియో తీసేవాళ్లు కూడా ఉంటారు.

కోచమ్మ:

కుడి చెయ్యి ముందుకొస్తే మీకు తన ఎడమ వైపు కావాలి. అంటే తను పరిగెత్తుకొచ్చే దిక్కుకి ఎడమన, మీరు తనకి ఎదురుగా నిలబడితే మీ కుడివైపుకి ఓ రెండు లేన్ల వెడల్పంత జరగండి. కానీ ఏ లేన్ ఇస్తారో ముందు స్టార్ట్ లిస్టులో చూసుకోండి, ఎడమ పక్క లేన్లో తన కంటే వేగంగా వచ్చే అమ్మాయి ఉంటే ఆమె అడ్డొస్తుంది, అప్పుడు నేరుగా ఎదురుగా ఉండటమే నయం. వీడియోవాళ్లు ముందే వచ్చి ట్రైపాడ్ వేసుకుంటారు, వాళ్ల ముందుకి వెళ్లకండి, పక్కన మోకాలి మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. ఫినిష్ దాటాక పిల్లలు ఆగడానికి 20 మీటర్ల పైనే పడుతుంది, కాబట్టి ఎటువైపున్నా పరిగెత్తే లేన్లలో మాత్రం ఉండొద్దు.